గోస్తని ఒడ్డున మండువా ఇల్లు, సాల, కళ్ళం: బాగు చేయించాలా, కూల్చేయాలా?

గోస్తని_గట్టు
మా ఊరు భీమిలికి ఎగువన, గోస్తని ఒడ్డున. అక్కడ మా ముత్తాత కట్టించిన మండువా ఇల్లుంది. వీధిలో రెండు అరుగులు, లోపలికెళ్తే సావిడి, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉండే మండువా, చుట్టూ వసారాలు, గదులు. వెనక వంటిల్లు, నుయ్యి. ఆ పక్కన పశువుల సాల, గాదె. అవి దాటితే కళ్ళం, మామిడి తోట. గోడలు కొండరాయి, సున్నం. స్తంభాలు, దూలాలు టేకువి. పైన బంగాళా పెంకులు.

ఇప్పుడక్కడ మావాళ్ళెవరూ ఉండట్లేదు. కౌలు రైతు సాలలో గేదెలు కట్టుకుంటున్నాడు, అంతే. గోడల అడుగున చెమ్మ పట్టి సున్నం పెచ్చులుగా రాలుతోంది. మండువా ఈశాన్యం మూల కారుతోంది. ఓ మేస్త్రీని తీసుకెళ్ళి చూపిస్తే, గోడలు చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేద్దాం, మండువాని ఫైబర్ రేకులతో మూసేద్దాం, సాల, గాదె పడగొట్టి కార్లు పెట్టుకునే చోటు చేద్దాం అన్నాడు. పెదనాన్నగారి అబ్బాయిలేమో మొత్తం కూల్చి స్లాబ్ ఇల్లు కట్టేద్దామంటున్నారు. నాకు రెండూ మనసొప్పడం లేదు. పెంకుల మీద 1865 అని అచ్చు కూడా ఉంది. ఇలాంటి ఇళ్ళు బాగు చేయించినవాళ్ళు ఉంటే చెప్పండి.

హార్బర్_వ్యూ
కూల్చేయడమే మంచిది. ఎవరూ ఉండని ఇంటికి డబ్బు పోయడం దేనికి? భోగాపురం ఎయిర్‌పోర్టు మాట వచ్చాక ఆ వైపు స్థలాల రేట్లు ఎక్కడికెళ్ళాయో మీకూ తెలుసు. పాత ఇల్లు ఖాళీగా ఉంటే చెదలే తినేస్తాయి.

మద్దిలపాలెం_కుర్రాడు
ముందు ఫొటోలు పెట్టండి అన్నా. మండువా ఇల్లని చెప్పి ఫొటో పెట్టకపోవడం అన్యాయం.

పాతపెంకు
1865 దగ్గర చిన్న సంగతి. ఆ పెంకుల మీద బేసల్ మిషన్ (క్రైస్తవ మిషనరీ సంస్థ) అని కూడా ఉందేమో చూడండి. మంగళూరులో ఆ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది 1865. ఆ అంకెని ఫ్యాక్టరీ గుర్తుగా తర్వాత కూడా అచ్చు వేస్తూ వచ్చారు. కాబట్టి అది మీ ఇంటి వయసు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ఫ్యాక్టరీలు బ్రిటిష్ ప్రభుత్వం చేతికి పోయి, తర్వాత కామన్‌వెల్త్ ట్రస్ట్ పేరు మీద నడిచాయి. అంటే మిషన్ పేరున్న పెంకు ఆ యుద్ధానికి ముందుదో, ఆ దరిదాపులదో అయి ఉంటుంది. ఒక్క పెంకు చూసి ఆగకండి. చూరు దగ్గరవి, వెన్ను దగ్గరవి, మండువా వైపువి, నాలుగు చోట్ల తిప్పి చూడండి. వేరే వేరే ముద్రలు కనిపిస్తే కప్పు ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ మార్చారో తెలుస్తుంది.

గోస్తని_గట్టు
@పాతపెంకు ఆ పేరే ఉందండి. మా నాయనమ్మ చెప్పినదానికి మీ లెక్క సరిపోతుంది. ముత్తాత తమ్ముడు రంగం (బర్మాలో రంగూన్) వెళ్ళి సంపాదించి పంపిన డబ్బుతో ఇల్లు లేచిందని, టేకు కూడా అక్కణ్ణించే ఓడలో వచ్చిందని చెప్పేది.

పాతపెంకు
అయితే అది బర్మా టేకు. మన విశాఖ, శ్రీకాకుళం పల్లెల్లో రంగం డబ్బుతో కట్టిన ఇళ్ళు చాలా ఉండేవి. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి వచ్చాక మనవాళ్ళు నడిచి తిరిగొచ్చారు. ఆ డబ్బు, ఆ కలప రెండూ ఆగిపోయాయి. అలాంటి కర్ర ఇప్పుడు కొనాలంటే పాత ఇళ్ళు కూల్చినచోట వెతుక్కోవాల్సిందే. దూలాలు కొంటామని ఎవరైనా మీ గుమ్మం ఎక్కితే కుక్కని వదలండి.

సున్నం_గానుగ
నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. ముందు ఆ మేస్త్రీని ఆపండి. సిమెంటు మాట వినగానే గుండె ఝల్లుమంది.

రాతి గోడకి పునాదిలోంచి చెమ్మ పైకి ఎక్కుతుంది. పాత ఇళ్ళకి అడుగున చెమ్మని ఆపే పొర ఉండదు. ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి మెల్లగా ఆరిపోతూ ఉంటుంది. ఆరేటప్పుడు నీటిలోని ఉప్పు పైకి తేలి పూతని రాల్చేస్తుంది. పెచ్చులు రాలేది అందుకే. పూత చెడితే మళ్ళీ పూయొచ్చు, వెనక రాయి మాత్రం క్షేమంగా ఉంటుంది. అదే సిమెంటు పూశారనుకోండి, చెమ్మకి బయటికి దారి ఉండదు. నడుము దగ్గర ఆగాల్సింది కిటికీ ఎత్తుకి పోతుంది. అక్కడ గోడలో పొదిగిన కర్ర ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటుంది. ఎప్పుడూ తడిగా ఉండే కర్ర పుచ్చిపోతుంది, చెదలు కూడా అక్కడికే చేరతాయి. సిమెంటు పూసిన పాత ఇళ్ళలో నేను చూసిన నష్టంలో ఎక్కువ భాగం ఇదే.

మీ గోడల్లోది సింహాచలం కొండల్లో దొరికే రకం రాయే అయి ఉంటుంది, తుప్పు రంగులో, మధ్య మధ్య ఎర్రటి గోమేధికపు చుక్కలతో. ఖొండలైట్ అంటారు. ఎండకి వానకి మెత్తబడే గుణం దానికుంది. దాని మీద సిమెంటు పట్టించి తర్వాత ఊడదీస్తే రాయి పైపొర కూడా దాంతో పాటే ఊడొస్తుంది.

పూత మొదలుపెట్టే ముందు చెమ్మ ఎక్కడి నుంచో చూడండి. బయట నేల ఇన్నేళ్ళలో ఎత్తు పెరిగి గోడ అడుగుని కప్పేసి ఉంటుంది. ఆ మట్టి తీయించండి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతున్నాయా, మండువా తూము పూడిపోయిందా, ఇవి చూడండి. చాలా ఇళ్ళలో ఇంతవరకు సరిచేస్తేనే సగం చెమ్మ తగ్గిపోతుంది.

మద్దిలపాలెం_కుర్రాడు
సిమెంటే గట్టిది కదా మాస్టారూ? సున్నం గోరుతో గీకినా రాలుతుంది.

సున్నం_గానుగ
@మద్దిలపాలెం_కుర్రాడు గోరుతో రాలేది సరిగ్గా చేయని సున్నం తమ్ముడూ. కాల్చిన సున్నాన్ని గుంటలో విరిచి, వారాల తరబడి నీటి కింద మగ్గనివ్వాలి. తర్వాత ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో తిప్పాలి. మనవాళ్ళు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవారు. సముద్రం దగ్గర గుల్లలు కాల్చిన సున్నం వాడేవారు. పల్చగా ఒక్కో పొర వేసి, ఎండ తగలకుండా తడి గోనెలు కప్పి, నెమ్మదిగా ఆరనివ్వాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి గట్టిపడుతుంది. పాత ఇళ్ళలో గచ్చు చూడండి, చెయ్యి జారేంత నున్నగా ఉంటుంది. అది కూడా సున్నమే.

ఇంకో మాట. రాయి కాస్త కదులుతుంది, కర్ర ఉబ్బుతుంది, తగ్గుతుంది. సున్నం వాటితో పాటు సర్దుకుంటుంది. మరీ గట్టి పూత అలా సర్దుకోలేక బీట్లు వారుతుంది, ఆ బీట్లలోంచి వాన నీరు లోపలికి పోతుంది.

అల్లిపురం_అక్క
అందరూ గోడల గురించి, దూలాల గురించి చెప్తున్నారు. అలాంటి ఇంట్లో కోడలిగా ఉన్నదాన్ని, నా మాట కూడా వినండి. మాది చోడవరం వైపు. వానాకాలంలో వంటింట్లోంచి పడకటింటికి వెళ్ళాలంటే మండువా చుట్టూ తిరిగి వెళ్ళాలి. జల్లు కొట్టి వసారా అంతా తడి. పొయ్యి పొగకి కళ్ళు మండిపోయేవి. అర్ధరాత్రి దొడ్డికి వెళ్ళాలంటే లాంతరు పట్టుకుని సాల దాటి వెళ్ళాలి, పాముల భయం. అలకడం, ముగ్గు, సున్నం వేయడం, ఇవన్నీ ఎవరి చేతుల మీద జరిగాయో గుర్తుంచుకోండి.

కూల్చమని అనట్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం మండువా పక్కన చాప వేసుకుని పడుకుంటే ఫ్యాన్ అక్కర్లేదు, అదీ నిజమే. కానీ మీరు బాగు చేయిస్తే ముందు బాత్రూములు, వంటిల్లు చూడండి. ఆడవాళ్ళు ఉండటానికి ఇష్టపడని ఇల్లు ఎంత అందంగా చేయించినా ఖాళీగానే ఉంటుంది.

గోస్తని_గట్టు
@అల్లిపురం_అక్క మా అమ్మ కూడా ఇదే అంది అక్కా. బాత్రూములు అసలు ఇంటి గోడకి ఆనించకుండా నూతి వైపు విడిగా కట్టి, మధ్యలో కప్పుతో నడవ వేద్దామని ఆలోచన.

సున్నం_గానుగ
మంచి ఆలోచన. పాత రాతి గోడలో పైపులు పొదిగితే ఏదో ఒకరోజు లీకవుతుంది, బయటపడేసరికి గోడ నానిపోయి ఉంటుంది.

హార్బర్_వ్యూ
అక్క చెప్పిందే నేను చెప్పేదీ. ఇన్ని మార్పులు చేసే బదులు కొత్తది కట్టుకుంటే సుఖం కదా? పాతదన్న ఒక్క కారణంతో కాపాడుకోవాలంటే ఎలా?

చోడవరం_రైతు
@హార్బర్_వ్యూ పాతదని కాదండీ, పని తెలిసినవాళ్ళు కట్టింది కాబట్టి. మీరంతా ఇంటి దగ్గరే ఆగిపోయారు. నేను వెనక భాగం గురించి చెప్తాను, ఆ మేస్త్రీ పడగొడదామన్నది దాన్నే.

ఇలాంటి ఇళ్ళలో ఇల్లు, సాల, గాదె, కళ్ళం అన్నీ ఒకే లెక్కలో వేసినవి. కళ్ళం ఎప్పుడూ చెట్లు లేని చోట, గాలి బాగా ఆడే చోట ఉంటుంది. తూర్పార పట్టాలంటే గాలి కావాలి. గాలికి పొట్టు ఎగిరి ఇంటి మీద పడకూడదు, అందుకని కళ్ళం ఇంటికి ఏ వైపు ఉందో చూస్తే ఆ ఊళ్ళో కోతల కాలంలో గాలి ఎటు వీస్తుందో తెలిసిపోతుంది. గడ్డివామి వంటింటికి దూరంగా, సాలకి దగ్గరగా. నిప్పు రవ్వ పడకూడదు, మేత మోత మాత్రం తక్కువ కావాలి. గాదె నేల మీద ఉండదు, రాళ్ళ మీద ఎత్తి ఉంటుంది. ఎలుకలు ఎక్కకుండా, కింద గాలి ఆడి గింజకి చెమ్మ తగలకుండా. సావిడిలో కూర్చున్న యజమానికి గాదె తలుపు కనపడుతుంది. మీ ఇంట్లో కూడా కూర్చుని చూడండి, కనపడి తీరుతుంది.

సాలలో నేల ఒక పక్కకి వాలుగా ఉంటుంది. మూత్రం కాలువలోకి, కాలువ గెత్తం (పశువుల ఎరువు) గుంటలోకి, గెత్తం చేలోకి. నూతి దగ్గర వాడిన నీళ్ళు కుడితి గోలేనికి, మిగిలినవి అరటి మొక్కలకి. మండువా తూము ఎక్కడికి పోతుందో చూశారా? మా ఇంట్లో అది పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లోకి పోయేది. ఒక్క చుక్క నీరు గానీ, ఒక గడ్డిపోచ గానీ దారి తప్పకుండా చూసి కట్టారు.

అందుకే ఇల్లు ఉంచి సాల, కళ్ళం తీసేస్తే మిగిలేది అలంకారమే. అక్కడ గేదెలున్నాయి కాబట్టే ఆ ఇంట్లోకి రోజూ మనిషి అడుగు పడుతోంది. ఆ కౌలు రైతుని పంపేయకండి.

గోస్తని_గట్టు
@చోడవరం_రైతు ఇవాళ మా అమ్మని అడిగాను. తాతగారు సావిడిలో పడక్కుర్చీలో కూర్చునే గాదె వైపు చూసి కేకలేసేవారట! ఇన్నేళ్ళు ఆ ఇంట్లో తిరిగినా నాకు ఎప్పుడూ తట్టలేదు.

అనకాపల్లి_బెల్లం
మా ఇంటి వెనక కళ్ళం పక్కనే బెల్లం వండే పాక ఉండేది. గానుగ, పెద్ద పెనం, పొయ్యి. చెరకు పిప్పితోనే పొయ్యి మండించేవారు. పాక పడిపోయింది గానీ పొయ్యి గుంట ఇంకా ఉంది. మా పిల్లలు అందులో క్రికెట్ బంతులు వెతుక్కుంటారు. ఈ చర్చ చూశాక దాన్ని పూడ్పించొద్దని మా నాన్నకి ఇప్పుడే ఫోన్ చేశాను.

కొండగాలి
పెంకు కప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. మాది ఆనందపురం వైపు. ఊళ్ళో రేకుల షెడ్లు చాలావరకు లేచిపోయాయి. మాది నాలుగు వైపులా వాలు ఉన్న పెంకుటిల్లు, కప్పు నిలబడింది. పెంకులు పోయింది చూరు అంచుల్లో, వెన్ను మీద, మూలల దగ్గర. గాలి ముందు అంచునే పట్టి లేపుతుంది. తలుపు ఒకటి ఊడిపోయిన గదిలో మాత్రం లోపలికి దూరిన గాలి కప్పుని కింది నుంచి ఎత్తేసింది.

మరమ్మతులో చూరు దగ్గర వరసల్ని, మూలల్లో పెంకుల్ని రాగి తీగతో రీపర్లకి కట్టించాం. వెన్ను పెంకుల్ని సున్నంలో గట్టిగా కూర్చోబెట్టించాం. తలుపులకి, కిటికీలకి గడియలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకున్నాం. మండువా మీద ఫైబర్ రేకు వేశారంటే తుపానులో మొదట ఎగిరేది అదే, ఎగురుతూ మీ పెంకులు కూడా పగలగొట్టి పోతుంది.

రేవు_పిల్లాడు
గాలి మాట వచ్చింది కాబట్టి. మా వైపు సముద్రం ఒడ్డున చుట్టిళ్ళు ఉండేవి, ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. గుండ్రటి మట్టి గోడ, పైన తాటాకు కప్పు, చూరు దాదాపు నేలకి ఆనేదాకా దిగి ఉంటుంది. గాలి కొట్టడానికి మూల అంటూ ఉండదు, చుట్టూ జారిపోతుంది. చూరు కిందికి ఉండటం వల్ల వాన గోడకి తగలదు. మేడలూ మండువాలే కాదు, వీటి గురించి కూడా ఎవరైనా కొలతలు తీసి పెట్టాలి. మా ఊళ్ళో ఒకటొకటే పోతున్నాయి.

చోడవరం_రైతు
@రేవు_పిల్లాడు దీనికి వేరే చర్చ మొదలుపెట్టు తమ్ముడూ, ఫొటోలతో. మేమంతా వస్తాం.

మద్దిలపాలెం_కుర్రాడు
మండువా మూయకపోతే దొంగలు, కోతులు? మా అమ్మమ్మగారి ఊళ్ళో కోతులు పెంకులు తీసి మరీ దిగుతున్నాయి.

కొండగాలి
ఇనుప చువ్వల గ్రిల్ వేసి పైన వల బిగించొచ్చు. వెలుతురు, గాలి, వాన అన్నీ దిగుతాయి, కోతి దిగదు. గ్రిల్‌ని దూలాల మీద మోపకుండా గోడల మీద ఆనేలా చూసుకోండి.

సున్నం_గానుగ
మండువా మూయొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. వేడి గాలి పైకి పోయే దారి అదే. రాత్రి ఆకాశం వైపు తెరిచి ఉండటం వల్ల చల్లబడిన గాలి కిందికి దిగి గచ్చు మీద నిలుస్తుంది. మూసేస్తే మధ్యాహ్నానికి ఆ ఇల్లు కొలిమే, తర్వాత ఏసీ కొనాలి.

గట్టుగారూ, మీ ఈశాన్యం మూల సంగతి. మండువా వైపు రెండు కప్పులు కలిసే చోట పల్లంలా ఉంటుంది చూడండి, రెండు వాలుల నీరూ దాంట్లోకే వస్తుంది. అక్కడ పెంకుల కింద జింకు రేకు పరిచి ఉంటుంది. అది తుప్పు పట్టి చిల్లు పడి ఉంటుంది, లేదా మామిడాకులు అడ్డం పడి నీరు పొంగుతూ ఉంటుంది. నిచ్చెన వేసుకుని ఆ ఒక్క మూల పెంకులు నాలుగు తీయించండి. కింద మూలవాసాన్ని మేకుతో పొడిచి చూడండి. మేకు కొసే దిగితే కర్ర గట్టిదే. వేలు లోతు దిగితే ఆ భాగం పోయినట్టే. గోడలోకి వెళ్ళే దూలాల చివరలు కూడా అలాగే చూడండి. సుత్తితో తట్టినా తెలుస్తుంది, బోలుగా పలుకుతుంది. దూలం చివర పుచ్చిందని మొత్తం మార్చక్కర్లేదు. పుచ్చింది కోసేసి, పాత టేకు ముక్కనే ఏటవాలు అతుకుతో కలిపి బోల్టులు వేయించొచ్చు. వడ్రంగి పాతకాలపు పని తెలిసినవాడై ఉండాలి. గోడలో చివర చుట్టూ కాస్త ఖాళీ వదలండి, గాలి ఆడితే మళ్ళీ పుచ్చదు.

హార్బర్_వ్యూ
సరే, ఇల్లు నిలబడుతుందనే అనుకుందాం. అన్నదమ్ముల మధ్య వాటాలు తేలకుండా డబ్బు పెడితే రేపు గొడవలు రావా? ఇది మాత్రం ఆలోచించి చెప్పండి, మీ మంచి కోసమే.

అల్లిపురం_అక్క
@హార్బర్_వ్యూ ఇది సరైన మాట. ఊళ్ళో ఇళ్ళ స్థలాలు గ్రామకంఠంలో ఉంటాయి, చాలావాటికి విడిగా పత్రం ఉండదు. ముందు కాగితాలు చూసుకుని, ఎవరు ఎంత పెడుతున్నారో, ఇల్లు ఎవరు చూసుకుంటారో అందరూ సంతకాలతో రాసుకోండి. మా ఇంట్లో నోటి మాటల మీద నడిచి బంధువుల మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

పాతపెంకు
ఏ పని మొదలుపెట్టినా ముందు కొలతలతో ప్లాను గీయించి పెట్టుకోండి, సాల, కళ్ళంతో సహా. ఇంటాక్ వాళ్ళ విభాగం విశాఖలో ఉంది, వారసత్వ కట్టడాల మీద పనిచేసేవాళ్ళు అక్కడ పరిచయమవుతారు. వాస్తుశిల్పం చదివే పిల్లలు ఇలాంటి ఇల్లు కొలవడానికి ఎగిరి గంతేస్తారు. రేపు వాటాలు తేలక ఏదైనా పోయినా గీసిన కాగితమైనా ఉంటుంది.

గోస్తని_గట్టు
అన్నీ రాసుకున్నాను. అన్నదమ్ములతో నిన్న మాట్లాడాను. పెద్దన్న ఇంకా స్లాబ్ అనే అంటున్నాడు. చిన్నన్న మాత్రం కప్పు వరకు తన వాటా ఇస్తానన్నాడు. కాగితం రాసుకుందామన్నాడు కూడా. కౌలు రైతు ఉంటాడు, సాల ఉంటుంది. ఇప్పటికి అనుకున్నది: తూము పూడిక తీయడం, గోడల మొదట్లో మట్టి దించడం, ఈశాన్యం మూల, దూలాల చివరలు. ఆ తర్వాతే పూత. సున్నం మాస్టారూ, మా మేస్త్రీ వానల ముందే అన్నీ చేసేద్దామని తొందరపెడుతున్నాడు. మే నెలలో పూత మొదలుపెట్టొచ్చా?

సున్నం_గానుగ
మేలో వద్దు. ఆ ఎండకి పూత పైపైన ఆరిపోయి లోపల పట్టదు, బీట్లు పడుతుంది. వానలకి ముందు కప్పు, తూము, మట్టి పని పూర్తి చేయండి. ఒక వానాకాలం గడవనివ్వండి, చెమ్మ ఎంత తగ్గిందో గోడే చెప్తుంది. చలికాలం మొదట్లో పూత పెట్టుకుందాం. సున్నాన్ని మాత్రం ఇప్పుడే గుంటలో విరిచి పెట్టించండి, మగ్గేకొద్దీ మంచిది. గుంట మీద కంచె వేయించండి, పిల్లలు గానీ దూడలు గానీ పడితే ప్రమాదం.

చోడవరం_రైతు
దించిన మట్టి పారేయకు తమ్ముడూ. కళ్ళం పల్లమై ఉంటుంది, దానికి వేయించి అలికించు. సంక్రాంతికి కుప్పలు నూర్చేటప్పుడు పనికొస్తుంది.

మద్దిలపాలెం_కుర్రాడు
ఫొటోలు???

గోస్తని_గట్టు
ఆదివారం వెళ్తున్నా. ముందు ఈశాన్యం మూలవే పెడతా.